"ఫాస్టింగ్ చేయొచ్చా?" అని కాదు, "ఈ మాత్ర ఎన్నింటికి?" అని అడగండి

ప్రశ్న: నాకు 51 ఏళ్ళు. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. ఆరేళ్ళుగా షుగర్ ఉంది. పొద్దున గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ 500, బీపీకి టెల్మిసార్టాన్ 40, థైరాయిడ్‌కి లెవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు వాడుతున్నాను. ఈ మధ్య చేయించిన ఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 7.4. ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్‌తో నా స్నేహితురాలు బరువు తగ్గడం చూసి, నేనూ చేయొచ్చా అని డాక్టరు గారిని అడిగాను. "అలాంటివి పెట్టుకోకండి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆయనకు చెప్పకుండానే మూడు వారాలుగా మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 వరకే తింటున్నాను. రెండు కిలోలు తగ్గాను. కానీ పోయిన వారం ఒకరోజు పొద్దున 11 గంటలకు చెమటలు పట్టి చేతులు వణికాయి. మీటర్‌తో చూసుకుంటే షుగర్ 64. ఇప్పుడు చెబితే తిడతారేమోనని భయంగా ఉంది. మళ్ళీ ఎలా అడగాలి? ఆయన ఒప్పుకోకపోతే డైటీషియన్ సలహాతో చేయొచ్చా?

సమాధానం: మిగతావన్నీ తర్వాత. ముందు ఆ 64 సంగతి ఇవాళే మీ డాక్టరు గారికి చేరాలి. వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. క్లినిక్‌కు ఫోన్ చేసి, ఎవరు ఎత్తినా ఇంత మాత్రం చెప్పండి: "గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. మూడు వారాలుగా పొద్దున తినడం లేదు. పోయిన వారం ఫలానా రోజు 11 గంటలకు షుగర్ 64 వచ్చింది. చెమటలు, వణుకు వచ్చాయి. ఈ మాత్రను ఏం చేయాలో డాక్టరు గారిని కనుక్కుని చెప్పండి." సంజాయిషీలు అక్కర్లేదు. షుగర్ మందు వాడే మనిషికి 70 కంటే కిందికి దిగితే మందు మోతాదు మళ్ళీ చూడాలి, అందుకని ఆ కబురు ఆయనకు కావలసినదే. జవాబు వచ్చే వరకు ఉపవాసం ఆపేయండి. ఇదివరకటిలాగే పొద్దున తిండితో పాటు మాత్ర వేసుకోండి. మీ అంతట మీరు మాత్ర మానేయడం గానీ, సగానికి విరిచి వేసుకోవడం గానీ వద్దు. ఈలోపు మళ్ళీ 70 కిందికి వస్తే ఫోన్‌తో సరిపెట్టకుండా ఆ రోజే వెళ్ళి కలవండి.

ఆ రోజు జరిగింది అంతుపట్టని విషయమేమీ కాదు. గ్లిమెపిరైడ్ పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మీరు తిన్నారా లేదా అన్నదానితో దానికి నిమిత్తం లేదు. వేసుకున్న రెండు మూడు గంటలకు రక్తంలో మందు బాగా పెరుగుతుంది, దాని ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది. అందుకే దాన్ని రోజులో మొదటి ప్రధాన భోజనంతో వేసుకోమంటారు. పాత అలవాటు ప్రకారం పొద్దున 8 గంటల ప్రాంతంలో మాత్ర వేసుకుని, కొత్త అలవాటు ప్రకారం 12 దాకా తినకపోతే, సరిగ్గా 11 గంటలకే షుగర్ పడిపోవడంలో ఆశ్చర్యం లేదు. మీ ఉత్తరంలో ఆ మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో రాయలేదు. డాక్టరు గారు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది, గుర్తు తెచ్చుకుని ఉంచుకోండి.

ఆయన "పెట్టుకోకండి" అని ఎందుకన్నారో ఇప్పుడు మీకూ అర్థమై ఉంటుంది. "ఫాస్టింగ్ చేయొచ్చా?" అన్న ప్రశ్నలో ఎన్ని గంటలు, ఏ పూట, వారానికి ఎన్ని రోజులు అన్నవేవీ లేవు. రోజూ 16 గంటలు తినకుండా ఉండటాన్నీ ఫాస్టింగ్ అనే అంటారు. వారంలో రెండు రోజులు 500, 600 క్యాలరీలతో సరిపెట్టడాన్నీ అలాగే అంటారు. రోజు విడిచి రోజు దాదాపు ఏమీ తినకపోవడానికీ అదే పేరు. మూడింటి ప్రమాదమూ ఒకటి కాదు. మీ మందుల చీటీలో గ్లిమెపిరైడ్ చూస్తూ ఆ ఒక్క మాట విన్న డాక్టరు, అన్నిటికంటే చెడ్డది ఊహించుకుని వద్దంటారు. ఆయనకు దొరికిన సమాచారానికి అది సరైన జవాబే. ఈసారి ప్రశ్న మార్చండి. ఏ గంటల్లో తింటారో, ఏ గంటల్లో తినరో ముందు పెట్టి, ఒక్కొక్క మాత్రనూ ఎప్పుడు, ఎంత వేసుకోవాలో అడగండి. ఇలా అడిగితే "అవును, కాదు"తో సరిపోదు, చీటీ చేతిలోకి తీసుకుని రాయవలసి వస్తుంది.

దానికి ఒక కాగితం సిద్ధం చేసుకోండి. ఒకే పేజీ, రెండో పేజీ ఎవరూ చదవరు. పైన వయసు, ఎత్తు, బరువు, చివరి ఏ1సీ, దాని తేదీ. మూడు నెలల్లోపు చేయించిన క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే పరీక్ష), పొటాషియం, సోడియం ఉంటే అవి కూడా. కింద అడ్డంగా ఒక గీత గీసి, పొద్దున 5 నుంచి మరునాడు పొద్దున 5 వరకు గంటలు గుర్తు పెట్టండి. గీతకు పైన మీరు తింటున్న వేళలు, కింద ప్రతి మాత్ర వేసుకునే వేళ. నిద్ర, నడక లేదా వ్యాయామం, వాహనం నడిపే వేళ కూడా అదే గీత మీద పడాలి. మాత్రకూ తిండికీ మధ్య ఖాళీ ఎక్కడుందో ఆ బొమ్మలో ఇట్టే కనబడుతుంది. చాలామంది అక్కడే, ఇంకా డాక్టరు దగ్గరికి వెళ్ళకముందే, తమకు షుగర్ ఎందుకు పడిపోతోందో కనిపెట్టేస్తారు. మందుల జాబితాలో చీటీ లేకుండా కొనుక్కునేవి కూడా రాయండి: నొప్పి మాత్రలు, ఐరన్, కాల్షియం, విటమిన్లు, మూలికా పొడులు. పేజీ చివర ఒక వారం షుగర్, బీపీ రీడింగులు, ఒక్కొక్క దాని పక్కన వేళ, తిని ఎంతసేపైందో.

మీ మందుల్లో ఒక్కొక్కదాని సంగతి చెబుతాం. ఇది మోతాదు మార్చుకోవడానికి కాదు, ఏం అడగాలో తెలియడానికి.

గ్లిమెపిరైడ్ అసలు చిక్కు. డాక్టరు గారి ముందు మూడు దారులుంటాయి: మాత్రను మీ మొదటి భోజనానికి జరపడం, తగ్గించడం లేదా ఆపడం, షుగర్‌ను అంత తేలిగ్గా పడిపోనివ్వని వేరే రకం మందుకు మార్చడం. వాటిలో ఏదన్నది మీ ఏ1సీ, కిడ్నీ పరీక్ష చూసి ఆయన తేల్చాలి. మీరు అడగవలసింది మాత్రం సూటిగా ఉండాలి: "మొదటి భోజనం 12కి అయితే ఇది ఎన్నింటికి? ఏ కారణం చేతనైనా ఆ రోజు భోజనం తప్పితే మాత్ర వేసుకోవాలా, మానాలా?" రెండో సగాన్ని ఎవరూ అడగరు. ఇబ్బందులు ఎక్కువగా వచ్చేది అక్కడే.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. దాన్ని తిండితో వేసుకోమనేది కడుపులో వికారం, విరేచనాలు రాకుండా. పొద్దున పరగడుపున వేసుకుని కడుపు తిప్పుతుంటే అది ఉపవాసం తప్పు కాదు, మాత్ర వేళ తప్పు. మీ రెండు భోజనాలతో దాన్ని సర్దవచ్చా అని అడగండి.

టెల్మిసార్టాన్‌కు తిండితో పెద్దగా పట్టింపు లేదు. అయితే బరువు తగ్గుతుంటే బీపీ కూడా దిగుతుంది. తినని గంటల్లో నీళ్ళు కూడా తగ్గించేస్తే మరీ దిగుతుంది. లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మితే, ఐదు నిమిషాలు కూర్చుని ఒకసారి, నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ బీపీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతుంటే ఆ అంకెలతో సహా చెప్పండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున ఈ మాత్ర, మెట్‌ఫార్మిన్ వేసుకోవాలా అన్నది కూడా ముందే అడిగి రాయించుకోండి. శరీరంలో నీరు తగ్గిన రోజుల్లో కిడ్నీ మీద భారం పడుతుంది కాబట్టి చాలామంది డాక్టర్లు వాటిని తాత్కాలికంగా ఆపమంటారు.

లెవోథైరాక్సిన్ విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. పొద్దున తినడం లేదు కాబట్టి పరగడుపు సమస్య తీరిపోయిందనుకుంటారు. కానీ మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ తాగితే మందు సరిగ్గా ఒంటపట్టదు. పాలు, చక్కెర లేని నల్ల కాఫీ అయినా అంతే. మంచినీళ్ళతో వేసుకుని 30 నుంచి 60 నిమిషాలు ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల దూరం ఉండాలి. తినే గంటలు కుదించుకున్నాక మాత్రలన్నీ ఒకే భోజనం చుట్టూ పోగుపడతాయి, ఆ దూరం తెలియకుండానే పోతుంది. అప్పుడు ఆరు వారాల తర్వాత టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు సరిపోతోందో చూపే రక్తపరీక్ష) పెరిగిందని డోసు పెంచుతారు. పెంచవలసింది దూరం.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం ఇంకొన్ని మందులు. ఇన్సులిన్ వాడేవాళ్ళు డాక్టరుతో డోసు మాట్లాడకుండా ఒక్క పూట తిండి కూడా మానకూడదు. కొద్దిసేపు పనిచేసే, ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్‌లు కలిపిన మిశ్రమం వాడేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. షుగర్‌ను మూత్రంలోకి పంపే ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వేసుకుంటూ చాలా గంటలు తినకపోతే, లేదా పిండిపదార్థాలు బాగా తగ్గించేస్తే, షుగర్ 250 కూడా దాటకుండానే కీటోఅసిడోసిస్ (కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో ప్రమాదకరంగా పెరగడం) రావచ్చు. వికారం, వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస కనబడితే మీటర్‌లో అంకె బాగానే ఉంది కదా అని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తం గడ్డకట్టకుండా వాడే రివరాక్సాబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు తిండితో వేసుకోకపోతే సరిగ్గా ఒంటికెక్కవు. అదే పనికి వార్ఫరిన్ వాడేవాళ్ళకు తిండి మారితే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూపే అంకె) మారుతుంది. మానసిక జబ్బుకు లిథియం వాడుతూ నీళ్ళు, ఉప్పు తగ్గిస్తే రక్తంలో దాని మోతాదు పెరిగి విషమిస్తుంది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, నొప్పి మాత్రలు ఖాళీ కడుపు మీద పడితే కడుపు పుండయ్యే అవకాశం ఎక్కువవుతుంది. బీపీకి, గుండెకు ఇచ్చే బీటా బ్లాకర్ రకం మందు వాడేవాళ్ళకు షుగర్ పడిపోయినప్పుడు గుండె దడ, వణుకు తెలియకపోవచ్చు. చెమటలు మాత్రం పడతాయి, ఆ ఒక్క గుర్తునూ తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక గదిలోకి వెళ్ళాక. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "మందుల వేళల గురించి మాట్లాడాలి, కొంచెం సమయం కావాలి" అని చెప్పండి. జలుబుకు చూపించుకునే రోజున చివర్లో, తలుపు దగ్గర నిలబడి అడిగే ప్రశ్న కాదిది. కాగితం చేతికిచ్చి మొదటి వాక్యంలోనే జరిగింది చెప్పేయండి: "మీరు వద్దన్నారు, అయినా మూడు వారాలు చేశాను. రెండు కిలోలు తగ్గాను, ఒకసారి షుగర్ 64కి పడింది. దీన్ని ప్రమాదం లేకుండా చేసే వీలుందా, లేకపోతే నా విషయంలో ఎందుకు కుదరదో చెప్పండి." రెండో నిమిషంలో ఆయనే కనిపెట్టేకంటే మొదటి నిమిషంలో మీరు చెప్పడం ఎప్పుడూ మేలు. కోప్పడితే కోప్పడనివ్వండి. దాని తర్వాత కాగితం చూస్తారు. మీ లక్ష్యం ఏమిటో కూడా అంకెల్లో చెప్పండి: బరువులో 5 శాతమా, ఏ1సీ 7 లోపా, మాత్రలు తగ్గించుకోవడమా. లక్ష్యం తెలిస్తే, అక్కడికి చేరడానికి ఉపవాసం కంటే దగ్గర దారి మీకు ఉందేమో ఆయన చెప్పగలరు.

ఒక రాజీ మార్గం కూడా జేబులో పెట్టుకుని వెళ్ళండి. 16 గంటలు దగ్గరే పట్టుబట్టకండి. పొద్దున తిండి, దానితో మాత్ర అలాగే ఉంచి, రాత్రి భోజనం ముందుకు జరిపి, 12 గంటల విరామంతో మొదలుపెట్టవచ్చా అని అడగండి. ఉదాహరణకు పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు, రెండు వారాలు బాగా నడిస్తే 8 నుంచి 6 వరకు. గ్లిమెపిరైడ్ వాడే మనిషికి పొద్దున పూట ఎగ్గొట్టడం కంటే ఇది చాలా వరకు సౌమ్యమైన పద్ధతి అని మా అభిప్రాయం. దీనిలోనూ ఒక జాగ్రత్త ఉంది: మాత్ర ప్రభావం రాత్రి కూడా కొంత ఉంటుంది కాబట్టి, భోజనం ముందుకు జరిపిన మొదటి వారంలో పడుకునేముందు, రెండు మూడు రాత్రులు తెల్లవారుజామున 3 గంటలకు షుగర్ చూసుకోవాలి. రాత్రి చెమటతో బట్టలు తడిసినా, పీడకలలతో మెలకువ వచ్చినా, పొద్దున లేవగానే తలనొప్పి ఉన్నా అదే అనుమానించాలి.

జవాబులు రకరకాలుగా వస్తాయి. "వద్దు, ఎందుకంటే మీ కిడ్నీ ఇలా ఉంది" అంటే, లేక మీ కళ్ళ గురించి అంటే, అది వినవలసిన "వద్దు". షుగర్ చాలా వేగంగా దిగినప్పుడు అప్పటికే ఉన్న రెటీనా జబ్బు కొంతకాలం ముదిరే అవకాశం ఉంది, అందుకే ఏడాదిలోపు కళ్ళు చూపించుకోకపోతే ముందు అది చేయిస్తారు. కారణం లేని "వద్దు" వస్తే నొచ్చుకోకుండా ఒకే ప్రశ్న అడగండి: "నా మందుల వల్ల వద్దంటున్నారా, నా జబ్బు వల్లా, లేక ఈ పద్ధతి మీదే నమ్మకం లేకనా?" మందుల వల్ల అయితే మందులు మార్చే వీలుందేమో మాట్లాడవచ్చు. నమ్మకం లేకపోతే, మూడు నెలలకు రాసిపెట్టుకుని చేసి చూద్దామా అని అడగవచ్చు. అన్నిటికంటే జాగ్రత్తపడవలసింది "సరే, మీ ఇష్టం" అన్న జవాబుతో. చాలామంది దాన్ని అనుమతి అనుకుని బయటికి వస్తారు. మందుల చీటీలో ఒక్క అక్షరం మారకుండా తినే వేళలు మారితే, ఆ రోజు 11 గంటలకు జరిగిందే మళ్ళీ జరుగుతుంది. "మీ ఇష్టం" అంటే, "అయితే గ్లిమెపిరైడ్ ఎన్నింటికి రాస్తారు?" అని అక్కడే అడగండి. రెండుసార్లు ఇలా సిద్ధమై వెళ్ళినా వినే తీరిక లేకపోతే, షుగర్ వైద్యంలో నిపుణులైన ఇంకొకరి దగ్గర ఇదే కాగితం చూపించడంలో తప్పు లేదు. ఆయనకు చెప్పే వెళ్ళండి, పాత చీటీలన్నీ పట్టుకెళ్ళండి.

డైటీషియన్ దగ్గరికి తప్పకుండా వెళ్ళండి, కానీ డాక్టరుకు బదులుగా కాదు. మందు డోసు మార్చడం డైటీషియన్ పని కాదు, మంచి డైటీషియన్ అయితే మీ జాబితాలో గ్లిమెపిరైడ్ చూడగానే తిరిగి డాక్టరు దగ్గరికే పంపుతారు. వారి సాయం వేరేచోట కావాలి. రెండు భోజనాల్లోనే రోజుకు సరిపడా ప్రోటీన్ పట్టించడం మాటలు కాదు. కిడ్నీ బాగుంటే పూటకు 25 నుంచి 30 గ్రాములు చూస్తారు. అది అందకపోతే, దానికి తోడు వారానికి రెండు రోజులైనా బరువులెత్తే తరహా వ్యాయామం లేకపోతే, కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. 50 దాటాక పోయిన కండ తిరిగి రావడం కష్టం. పీచు, కాల్షియం, బి12 కూడా వారు చూడాలి, మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గవచ్చు కాబట్టి. ఇద్దరికీ ఒకే కాగితం ఇవ్వండి, ఒకరు రాసింది ఇంకొకరికి చూపించండి. ఏ మాత్ర దేనికి ఎంత దూరంలో ఉండాలన్న లెక్కకు ఫార్మసిస్టును అడగడం చాలామందికి తట్టదు. వాళ్ళు బాగా చెప్పగలిగే విషయమది.

స్నేహితురాలి ఫలితం, ఫోన్‌లో వచ్చిన వీడియో డాక్టరు ముందు పెట్టకండి, మాట పక్కదారి పడుతుంది. పరిశోధనలు ఏం చెబుతున్నాయో మీకు తెలిస్తే మాత్రం సంభాషణ తేలికవుతుంది. 2020లో అమెరికాలో 116 మందితో 12 వారాలు జరిగిన పరీక్షలో, మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 వరకే తిన్నవాళ్ళు సగటున ఒక కిలోకు కొంచెం తక్కువే తగ్గారు. రోజుకు మూడు పూటలు తిన్నవాళ్ళతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2022లో చైనాలో 139 మందితో ఏడాది పాటు జరిగినదానిలో అందరికీ క్యాలరీలు తగ్గించారు, సగం మందిని పొద్దున 8 నుంచి సాయంత్రం 4 వరకే తినమన్నారు. వాళ్ళు 8 కిలోలు, మిగతావాళ్ళు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడా గణాంకాల పరంగా నిలబడలేదు. అంటే గడియారం కంటే మొత్తం తిండి తగ్గడమే ఎక్కువ పని చేస్తోంది. కొందరికి గడియారం పెట్టుకుంటే తిండి తగ్గించడం సులువవుతుంది, మీరూ ఆ కోవలో ఉన్నారేమో. మీ విషయానికి మరీ దగ్గరగా ఉన్నది 2018లో న్యూజిలాండ్‌లో టైప్ 2 షుగర్ ఉన్న 41 మందితో చేసినది: వారానికి రెండు ఉపవాస రోజులు, ఆ రోజుల్లో మందులు ముందే తగ్గించారు, అయినా ఉపవాసం ఉన్న రోజుల్లో షుగర్ పడిపోయే అవకాశం సుమారు రెట్టింపైంది. మందు తగ్గించినవాళ్ళ పరిస్థితే అది. 2024లో ఒక అమెరికన్ సదస్సులో, 8 గంటల్లోనే తినేవాళ్ళలో గుండెజబ్బు మరణాలు 91 శాతం ఎక్కువని వచ్చిన వార్త కూడా మీరు చూసి ఉండవచ్చు. అది రెండు రోజుల తిండి వివరాలు అడిగి వేసిన లెక్క, కారణం అదేనని నిరూపించేది కాదు. దాన్ని చూసి బెదిరిపోనక్కర్లేదు, 16 గంటలు అందరికీ క్షేమమని ధీమాగా ఉండటానికీ ఆధారం లేదు.

ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పని ఒక విషయం డాక్టరుకు చెప్పాలి. తినని గంటలు అయ్యాక ఆగలేక ఒక్కసారిగా మీద పడి తింటున్నారా, తిన్నాక అపరాధభావంతో మరునాడు ఇంకా ఎక్కువ గంటలు ఆపుతున్నారా, ఎప్పుడైనా కావాలని వాంతి చేసుకున్నారా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది తిండికి సంబంధించిన మానసిక జబ్బు కావచ్చు, గంటలు లెక్కపెట్టే పద్ధతి దాన్ని పెంచుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ళలోపు వాళ్ళు, బీఎంఐ 18.5 కంటే తక్కువ ఉన్నవాళ్ళు, బక్కచిక్కిన వృద్ధులు ఈ ప్రయత్నమే చేయకూడదు. మునుపు గౌట్ (యూరిక్ ఆసిడ్ పెరిగి వచ్చే కీళ్ళ జబ్బు) గానీ పిత్తాశయంలో రాళ్ళు గానీ ఉంటే అదీ చెప్పాలి. ఉపవాసంలో పుట్టే కీటోన్లు యూరిక్ ఆసిడ్‌ను బయటికి పోనివ్వవు. వారానికి కిలోన్నర మించి బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్ళ అవకాశం పెరుగుతుంది.

డాక్టరు గారు సరేనంటే, గదిలోంచి బయటికి వచ్చేముందు ఉపవాసం ఎప్పుడు విరమించాలో అంకెతో సహా రాయించుకోండి. మామూలుగా షుగర్ 70 కిందికి దిగినా, 300 దాటినా ఆ రోజు ఉపవాసం అక్కడితో సరి. 70 కంటే తక్కువైతే 15 గ్రాముల గ్లూకోజ్ లేదా చక్కెర నీళ్ళలో కలుపుకుని వెంటనే తాగాలి, చిన్న చెంచాతో తలకొట్టుగా దాదాపు నాలుగు చెంచాలు. 15 నిమిషాలకు మళ్ళీ చూడాలి, ఇంకా 70 దాటకపోతే మళ్ళీ అంతే. చాక్లెట్ పనికిరాదు, దానిలోని కొవ్వు చక్కెర ఒంటికెక్కడాన్ని ఆలస్యం చేస్తుంది. అంకె పైకి వచ్చాక భోజనం చేయాలి. గ్లిమెపిరైడ్ ఇంకా లోపలే పనిచేస్తుంటుంది కాబట్టి గంటకో రెండు గంటలకో మళ్ళీ పడవచ్చు, ఆ రోజంతా కనిపెట్టి ఉండాలి. 54 కంటే తక్కువైనా, మాట తడబడినా, మత్తుగా ఉన్నా ఇంట్లోవాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదని వాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. ఈ పద్ధతి పాటించినన్ని రోజులూ సంచిలో గ్లూకోజ్ ఉండాలి, వాహనం ఎక్కేముందు షుగర్ చూసుకోవాలి.

మొదటి రెండు వారాలు రోజుకు నాలుగుసార్లు మీటర్ పట్టండి: లేవగానే, ఉపవాసం విరమించేముందు, పెద్ద భోజనం అయిన రెండు గంటలకు, పడుకునేముందు. రెండు వారాలకు ఆ పుస్తకంతో ఫోన్‌లోనైనా డాక్టరు గారిని కలవండి, మందులు మళ్ళీ సర్దవలసి వచ్చేది ఎక్కువగా అప్పుడే. ఏ1సీ మళ్ళీ చేయించడానికి 12 వారాలు ఆగండి, అది రెండు మూడు నెలల సగటు కాబట్టి అంతకు ముందు చేయిస్తే పాత తిండి లెక్కే కనిపిస్తుంది. ఆ పరీక్షకు పరగడుపు అక్కర్లేదు. కొలెస్ట్రాల్, పరగడుపు షుగర్ కోసం వెళ్ళేటప్పుడు ల్యాబ్‌లో ఎన్ని గంటలుగా తినలేదో చెప్పండి. 16, 18 గంటలు దాటితే మూత్రంలో కీటోన్లు కనబడవచ్చు, కొందరికి బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పదార్థం) కొంచెం పెరగవచ్చు, కారణం తెలియకపోతే అనవసరమైన పరీక్షల మీదికి పోతుంది. పళ్ళ డాక్టరైనా, ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టరైనా మీరు ఈ పద్ధతిలో ఉన్నట్టు తెలియాలి. 12 వారాలకు బరువు గానీ ఏ1సీ గానీ కదలకపోతే గంటలు పెంచకండి, ఈ పద్ధతి మీకు పడలేదని ఒప్పుకుని వేరే దారి అడగండి.

ఇవాళ ఫోన్ చేసేముందు మీటర్ దగ్గర పెట్టుకోండి. పాత రీడింగులు దాని మెమరీలో తేదీ, వేళతో సహా ఉంటాయి. ఆ 64 ఒక్కటే ఉందో, మీరు గమనించని 68, 70లు దాని చుట్టూ ఇంకా ఉన్నాయో చూసి అవన్నీ చదివి వినిపించండి.